పిల్లలు, రోగులు వివరాలు రాసే పేజీల్లోంచి బయటివాళ్ల కోడ్ తీసేయండి

విజయవాడ, గుంటూరు నగరాల్లోని జూనియర్ కళాశాలలు, కోచింగ్ సంస్థలు, ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

నమస్కారం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచే మీ వెబ్‌సైట్ల మీద రద్దీ మొదలవుతుంది. పొన్నూరులోనో నందిగామలోనో ఒక అమ్మాయి తన తండ్రి ఫోన్ తీసుకుని మీ కళాశాల పేజీ తెరుస్తుంది. ఫీజు చూస్తుంది, హాస్టల్ ఫోటోలు చూస్తుంది, ఫారంలో పేరు, ఊరు, మార్కులు, ఫోన్ నంబరు నింపుతుంది. అదే సమయానికి సూర్యారావుపేటలోని ఆసుపత్రి సైటో, గుంటూరు కొత్తపేటలోని ఆసుపత్రి సైటో తెరిచి మరొకరు సంతానలేమి చికిత్స గురించి చదివి, అపాయింట్‌మెంట్ బటన్ నొక్కుతారు. ఇద్దరూ తాము మాట్లాడుతున్నది మీతోనే అనుకుంటారు. ప్రకటనల పిక్సెల్, అంటే పేజీ చూసేవాళ్ల వివరాలు ప్రకటనల కంపెనీకి పంపే చిన్న కోడ్, పెట్టిన ఏ సైటులోనూ అది నిజం కాదు.

మేం ఈ రెండు నగరాల్లో వెబ్‌సైట్లు కట్టి నడిపే పనిలో ఉన్నవాళ్లం. మిమ్మల్ని అడిగేది ఒకటే. పిల్లలు, రోగులు తమ వివరాలు రాసే పేజీల్లో మీ సంస్థది కాని కోడ్ ఒక్క లైను కూడా ఉండకూడదు. మిగతా పేజీల్లో ఉండాల్సి వస్తే, చూసేవాళ్లు ఒప్పుకున్నాకే అది నడవాలి. ఎందుకో, ఎలా చేయాలో కింద రాశాం. సాంకేతిక సంగతులున్న భాగం మీ సైటు చూసుకునేవారి చేతికివ్వండి. మొదటి, చివరి భాగాలు మాత్రం మీరే చదవండి, రేపు చట్టం జవాబు అడిగేది మిమ్మల్నే.

కుకీ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. కొండ మీద అమ్మవారి దర్శనానికి వెళ్లేముందు స్టాండులో చెప్పులిస్తే ఒక టోకెను ఇస్తారు. దాని మీద ఉండేది ఒక నంబరే. ఆ నంబరు అరలో ఎవరి చెప్పులున్నాయో స్టాండు వాళ్లకే తెలుసు. కుకీ పని కూడా ఇదే. పేజీలు పంపే కంప్యూటరుకు, అంటే వెబ్ సర్వర్‌కు జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ ఇచ్చాక, రెండో పేజీ అడిగింది ఆ మనిషేనో కాదో దానికి తెలియదు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి కుకీని తయారుచేశారు. సర్వర్ తన జవాబుతో పాటు చిన్న అక్షరాల మూట ఒకటి పంపుతుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైటుకు వెళ్లిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. ఒక్కో కుకీలో పట్టేది సుమారు 4 కేబీ. విద్యార్థి పోర్టల్‌లో లాగిన్ నిలబడేదీ, ల్యాబ్ రిపోర్టు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లినా పోకుండా ఉండేదీ దీనివల్లే. ఇలాంటి కుకీల మీద మాకే అభ్యంతరమూ లేదు.

తేడా అంతా టోకెను ఎవరిచ్చారన్న దగ్గరుంది. బీసెంట్ రోడ్డులో ప్రతి దుకాణం గుమ్మం దగ్గరా ఒకే కంపెనీ మనిషి నిలబడ్డాడనుకోండి. ‘మీ షాపుకి ఎంతమంది వచ్చారో ఉచితంగా లెక్క రాసిపెడతా’ అంటే దుకాణదార్లు సరేనన్నారు. మొదటి షాపులో అడుగుపెట్టగానే అతను మీ జేబులో ఒక టోకెను వేస్తాడు. తరువాతి షాపు గుమ్మంలో ఆ టోకెను నంబరు చూసి రాసుకుంటాడు. పెళ్లి చీరలు చూశారు, తరువాత బంగారం షాపుకెళ్లారు, ఆ తరువాత షుగరు మందులు కొన్నారు. సాయంత్రానికి ఆ వీధిలో ఏ దుకాణదారుకీ తెలియనంత మీ గురించి అతని పుస్తకంలో ఉంటుంది. థర్డ్ పార్టీ కుకీ అంటే ఇదే.

‘ఇప్పుడవన్నీ బ్రౌజర్లే ఆపేస్తున్నాయి కదా’ అని మీ సైటు, ప్రకటనలు చూసుకునే ఏజెన్సీవారు చెప్పొచ్చు. అందులో సగమే నిజం. ఆపిల్ ఫోన్లలోని సఫారీ 2020 మార్చి నుంచి వాటిని పూర్తిగా ఆపింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే ఉండేలా విడదీసింది. గూగుల్ మాత్రం క్రోమ్‌లో వాటిని తీసేస్తామని 2020లో ప్రకటించి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. మన దగ్గర ఎక్కువ ఫోన్లలో ఉండేది క్రోమే.

అసలు మిగతా సగం ఇంకా ముఖ్యం. సందర్శకుల లెక్క రాసే గూగుల్ అనలిటిక్స్ పెట్టే ‘అండర్‌స్కోర్ జీఏ’ (_ga), ఫేస్‌బుక్ నడిపే మెటా కంపెనీ పిక్సెల్ పెట్టే ‘అండర్‌స్కోర్ ఎఫ్‌బీపీ’ (_fbp) అనే కుకీలు థర్డ్ పార్టీ కుకీలు కావు. అవి మీ సైటు పేరు మీదే పడతాయి. మొదటిదాని గడువు 2 ఏళ్లు, రెండోదానిది 90 రోజులు. క్రోమ్ ఏ కుకీనైనా 400 రోజులకు మించి ఉంచదు, కానీ పేజీ తెరిచిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుంది. కుకీ మీ పేరు మీద ఉన్నా దాన్ని చదివే కోడ్ వాళ్లది, చదివిన సమాచారం వెళ్లేది వాళ్ల సర్వర్‌కి. థర్డ్ పార్టీ కుకీలు ఆపినంత మాత్రాన ఇది ఆగదు. బయటి మనిషి ఈసారి మీ షాపు యూనిఫాం వేసుకుని నిలబడ్డాడు, అంతే తేడా.

ఆ కోడ్ ఏం పంపుతుందో చూడండి. పేజీ పూర్తి చిరునామా, పేజీ శీర్షిక, అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చారన్నది, ఫోన్ రకం, ఐపీ చిరునామా ద్వారా సుమారుగా ఊరు. ఆసుపత్రి విషయంలో పేజీ చిరునామా ఒక్కటే చాలు. ‘కీమోథెరపీ’, ‘ఐవీఎఫ్’, ‘డిప్రెషన్ క్లినిక్’ లాంటి మాటలు అందులోనే ఉంటాయి. పేరు రాయకపోయినా, ఏ ఫోన్‌లో సోషల్ మీడియా ఖాతా తెరిచి ఉందో ఆ ఫోన్‌కీ ఈ జబ్బు పేరుకీ ముడి పడిపోతుంది. ఆ తరువాత నెలరోజులు ఇంట్లో అందరూ వాడే ఆ ఫోన్‌లో ఐవీఎఫ్ ప్రకటనలు కనబడితే, దాని బాధ పడేది ఆ ఇంటి కోడలు.

ఫారం దగ్గర ఇంకో ప్రమాదముంది. మెటా పిక్సెల్‌లో ‘ఆటోమేటిక్ అడ్వాన్స్‌డ్ మ్యాచింగ్’ అని ఒక మీట ఉంటుంది. ఏజెన్సీ దాన్ని ఆన్ చేస్తే, ఫారంలో రాసిన పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరును పిక్సెల్ తనంతట తానే చదివి, షా-256 పద్ధతిలో హ్యాష్ చేసి, అంటే చూస్తే అర్థం కాని అక్షరాల గొలుసుగా మార్చి పంపుతుంది. ‘హ్యాష్ చేశాం కాబట్టి ఎవరికీ తెలియదు’ అనే మాట నమ్మకండి. మన మొబైల్ నంబర్లు 10 అంకెలు, మొదటి అంకె 6 నుంచి 9 లోపు. అంటే మొత్తం 400 కోట్ల నంబర్లే. మంచి గ్రాఫిక్స్ కార్డున్న ఒక గేమింగ్ కంప్యూటరు ఆ నంబర్లన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చడానికి క్షణాలు చాలు. పైగా అవతలివాళ్ల దగ్గర ఖాతాదారుల నంబర్ల హ్యాష్‌లు ముందే ఉంటాయి. పోల్చి మనిషిని గుర్తుపట్టడమే ఆ సదుపాయం పని.

ఇక చట్టం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మీలాంటి సంస్థల ముఖ్య బాధ్యతలు ఆ నాటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా చేతులు ముడుచుకోవచ్చని కాదు. 2011 నాటి సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఇప్పుడే మీ సైటులో గోప్యతా విధానం ఉండాలి, ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు ఉండాలి, ఫిర్యాదు నెలలోపు పరిష్కరించాలి. ఆరోగ్య వివరాలు ఆ నియమాల్లో ‘సున్నిత సమాచారం’ కిందికి వస్తాయి.

కళాశాలలవారు 2023 చట్టంలోని 9వ సెక్షన్‌ను ప్రత్యేకంగా చదవాలి. 18 ఏళ్లు నిండనివారంతా ఆ చట్టం దృష్టిలో పిల్లలు. ఇంటర్‌లో చేరేవాళ్ల వయసు 15, 16. వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు, అదీ నిజంగా తల్లిదండ్రులదేనని సరిచూసుకోగల ఒప్పుకోలు కావాలి. పదిహేనేళ్ల పిల్ల ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కితే ఆ నొక్కుడుకు విలువ లేదు. దానికి మించి, పిల్లల కదలికల్ని వెంటాడటం, వాళ్ల ప్రవర్తన గమనించడం, వాళ్లను లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు వేయడం చట్టం విడిగా నిషేధించింది. విద్యాసంస్థలకు నియమాల్లో కొంత మినహాయింపు ఉంది. అది చదువుకు సంబంధించిన పనులకూ, చేరిన పిల్లల భద్రతకూ పరిమితం. హాజరు గమనించడం అందులోకి వస్తుంది. ప్రకటనల పిక్సెల్ రాదు. ఈ సెక్షన్ తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు. సమాచార భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల వరకు.

‘సైటు ఏజెన్సీ చేసింది, మాకు తెలియదు’ అనే జవాబు చెల్లదు. 8వ సెక్షన్ ప్రకారం పని ఎవరికి అప్పగించినా బాధ్యత సంస్థదే. ఒప్పుకోలు తీసుకున్నామని రుజువు చేసుకోవాల్సింది కూడా మీరే. అందుకే జూనియర్ కళాశాల సైటుకు కుకీల ఒప్పుకోలు అడిగే బ్యానర్ గొడవ అసలు వద్దంటాం. బయటి కోడ్ మొత్తం తీసేస్తే దాని కోసం అడగాల్సిన ఒప్పుకోలే ఉండదు.

మీ సైటు సంగతి మీరే తేల్చుకోవచ్చు, పావుగంట పని. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఇన్‌కాగ్నిటో విండో తీయండి. ఎఫ్ 12 నొక్కితే పక్కనో కిందో ఒక పలక తెరుచుకుంటుంది. అందులో ‘నెట్‌వర్క్’ అన్న చోట నొక్కాక, మీ సైటు చిరునామా కొట్టండి. బ్యానర్ వస్తే దాని మీద ఏమీ నొక్కకండి. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక ఆ జాబితాలోని డొమైన్ పేర్లు చదవండి. మీ సైటు పేరు కాని ప్రతి పేరూ ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత ‘అప్లికేషన్’ అన్న చోటికి వెళ్లి కుకీల జాబితా చూడండి. ఇదే పని అడ్మిషన్ ఫారంలోనూ చేయండి. ఒక తప్పుడు పేరు, తప్పుడు నంబరు రాసి పంపి, ‘నెట్‌వర్క్’ పలకలో ఆ నంబరు కోసం వెతకండి. అది మీ సర్వర్‌కి కాక ఇంకెక్కడికైనా వెళ్తుంటే అక్కడే దొరుకుతుంది. హ్యాష్ అయి వెళ్తే అంకెలు కనబడవు, 64 అక్షరాల పొడుగు గొలుసు కనబడుతుంది. దాన్ని కూడా వదలకండి.

ఈ పరీక్షలో చాలాసార్లు బయటపడే తప్పు ఒకటుంది. బ్యానర్ అడుగుతూనే ఉంటుంది, వెనక కోడ్ అప్పటికే నడిచిపోయి ఉంటుంది. దీనికి మూడు కారణాలు. కోడ్‌ను పేజీ హెడ్‌లో (పేజీ కోడ్ మొదటి భాగంలో) నేరుగా అతికించడం మొదటిది. బ్యానర్‌కూ దానికీ సంబంధమే ఉండదు. రెండోది ట్యాగ్ మేనేజర్‌లో, అంటే బయటి కోడ్‌లను (ట్యాగ్‌లను) ఒకేచోట నుంచి సైటులోకి చేర్చే సాధనంలో, కోడ్ ఎప్పుడు నడవాలో చెప్పే ట్రిగ్గర్ ‘అన్ని పేజీలు’ అని ఉండిపోవడం. దాన్ని ‘ఒప్పుకున్న తరువాత’ అనే ఈవెంట్‌కు మార్చాలి. మూడోది కొంచెం సూక్ష్మం. ఒప్పుకోలును బట్టి గూగుల్ ట్యాగ్‌లను నడిపే ‘గూగుల్ కన్సెంట్ మోడ్’లో బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు తీర్లున్నాయి. అడ్వాన్స్‌డ్‌లో ఒప్పుకోకపోయినా ట్యాగ్ లోడవుతుంది, కుకీ లేకుండానే కొంత సమాచారం వెళ్తూ ఉంటుంది. బేసిక్‌లో ఒప్పుకునేదాకా ట్యాగ్ లోడే కాదు. పెట్టదలిస్తే బేసిక్ మాత్రమే పెట్టించండి.

ఆసుపత్రుల సాధారణ పేజీల్లో సందర్శకుల లెక్క కోసం కోడ్ ఉంచాలనుకుంటే, బ్యానర్ తెలుగులో ఉండాలి. చట్టం ప్రకారం ఆ నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనాగానీ చదువుకునే వీలివ్వాలి. మా నమూనా ఇది: ‘ఈ సైటు పనిచేయడానికి అవసరమైన కుకీలు వాడుతున్నాం. మీరు ఒప్పుకుంటే ఏ పేజీ ఎంతమంది చూశారో లెక్కించడానికి ఇంకో కుకీ పెడతాం. ఆ లెక్క ఫలానా సంస్థకు వెళ్తుంది. కుకీ 90 రోజులుంటుంది. వద్దన్నా సైటు మొత్తం చూడవచ్చు, అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు.’ కింద రెండు బటన్లు, ‘ఒప్పుకుంటాను’, ‘వద్దు’. రెండూ ఒకే సైజు, ఒకే రంగు, పక్కపక్కనే. ‘వద్దు’ను ఇంకో పేజీలో దాచడం, ముందే టిక్కులు పెట్టి ఉంచడం ఒప్పుకోలు కాదు. ముందే పెట్టిన టిక్కు చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో చెప్పింది. ఒప్పుకోవడం ఒక్క నొక్కుడు, కాదనడం ఎన్నో నొక్కుళ్లు అయ్యేలా పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. మన చట్టమూ ఒప్పుకోలు స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, ఏ షరతూ లేకుండా ఉండాలంటుంది. వెనక్కి తీసుకోవడం కూడా ఇచ్చినంత తేలిగ్గా ఉండాలంటుంది.

వెనక్కి తీసుకునే దగ్గరే డెవలపర్లు తరచు పొరబడతారు. ప్రతి పేజీ అడుగున ‘కుకీ ఎంపిక మార్చుకోండి’ అన్న లింకు పెడతారు, అది నొక్కితే ‘తీసేశాం’ అని వస్తుంది, కుకీ మాత్రం అలాగే ఉంటుంది. కుకీని తీసేయాలంటే గడువును సున్నా చేసి మళ్లీ పెట్టాలి. అప్పుడు డొమైన్, పాత్ విలువలు మొదట పెట్టినప్పుడు ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉండాలి. డొమైన్‌తో పెట్టిన కుకీని డొమైన్ రాయకుండా తీసేయబోతే, బ్రౌజర్ దాన్ని వేరే కుకీ అనుకుని పాతదాన్ని ముట్టుకోదు. తీసేశాక ‘అప్లికేషన్’ పలకలో కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి.

ఇక్కడి నుంచి డెవలపర్లకు.

ఫారం ఎప్పుడూ పోస్ట్ పద్ధతిలోనే వెళ్లాలి. గెట్ పద్ధతిలో వెళ్తే పేరు, నంబరు పేజీ చిరునామాలోకి ఎక్కుతాయి. అక్కడి నుంచి బ్రౌజర్ హిస్టరీలోకి, సర్వర్ లాగుల్లోకి (వచ్చిన ప్రతి అభ్యర్థననూ సర్వర్ రాసుకునే చిట్టాల్లోకి), అనలిటిక్స్ ఉంటే అందులోకి పోతాయి. పోస్ట్ పెట్టి కూడా ‘ధన్యవాదాలు’ పేజీ చిరునామాలో ఫోన్ నంబరు తగిలించి పంపే సైట్లుంటాయి, దానివల్ల పోస్ట్ పెట్టిన ప్రయోజనమంతా పోతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి. దాచాల్సిన లాగులో రోగి నంబరు లేకుండా చూడటం మన పని. అదే ఆదేశం ప్రకారం భద్రతా ఘటన తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. ఆ పని ఎవరిదో ముందే రాసిపెట్టుకోండి.

లాగిన్ కుకీలో హాల్ టికెట్ నంబరు, అడ్మిషన్ నంబరు, పేషెంట్ నంబరు ఎప్పుడూ పెట్టవద్దు. 1043ని 1044 చేసి పక్క విద్యార్థి మార్కులు, పక్క రోగి రిపోర్టు తెరిచేయవచ్చు. ఊహించలేని 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య మాత్రమే ఉండాలి, లాగిన్ అయిన క్షణంలో దాన్ని మార్చి కొత్తది ఇవ్వాలి. లేదంటే ముందే ఒక సంఖ్య అంటగట్టి, అవతలి మనిషి లాగిన్ అయ్యేదాకా కాచుకుని కూర్చునేవాడికి దారి దొరుకుతుంది. కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ, సేమ్‌సైట్ లాక్స్ మూడూ ఉండాలి. మొదటిది తాళం లేని కనెక్షన్ మీద కుకీ వెళ్లకుండా చూస్తుంది. రెండోది పేజీలోని జావాస్క్రిప్ట్ దాన్ని చదవకుండా ఆపుతుంది. అంటే పొరపాటున బయటి కోడ్ ఏదైనా మిగిలిపోయినా లాగిన్ దాని చేతికి చిక్కదు. మూడోది వేరే సైటు నుంచి వచ్చే పోస్ట్‌కు కుకీ జతకాకుండా చూస్తుంది.

లాగిన్ కుకీకి డొమైన్ విలువ అసలు రాయకండి. రాస్తే ఆ కుకీ సబ్‌డొమైన్లన్నిటికీ (మీ సైటు పేరుకు ముందు ఇంకో మాట చేర్చిన చిరునామాలకు) వెళ్తుంది. అడ్మిషన్ల ప్రచారం కోసం ఏజెన్సీ తన సర్వర్‌లో ఒక సబ్‌డొమైన్ పేజీ నడుపుతుంటే, మీ విద్యార్థుల లాగిన్ కుకీ ప్రతిసారీ ఆ సర్వర్‌కి కూడా చేరుతుంది. ఇది కనబడకుండా ఏళ్ల తరబడి ఉండిపోయే తప్పు.

ఫీజు చెల్లింపు దగ్గర ఒక చిక్కు వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు చెప్పి భద్రత మొత్తం సడలించేస్తుంటారు. తండ్రి ఫీజు కడతాడు, డబ్బు ఖాతాలోంచి పోతుంది, డబ్బు కట్టించుకునే గేట్‌వే సైటు నుంచి తిరిగి రాగానే మీ సైటు ‘లాగిన్ అవ్వండి’ అంటుంది. కట్టలేదేమోనని రెండోసారి కడతాడు. కారణమేమిటంటే, గేట్‌వే పేజీ మీ సైటుకు పోస్ట్ పద్ధతిలో తిరిగి వస్తుంది. వేరే సైటు నుంచి వచ్చే పోస్ట్‌కు లాక్స్ కుకీని బ్రౌజర్ జతచేయదు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 నుంచి, ఏమీ రాయని కుకీలను కూడా లాక్స్‌గానే లెక్కేయడం మొదలైంది. ఇలాంటప్పుడు సేమ్‌సైట్‌ను ‘నన్’ చేసేయడం సులువైన మందులా కనిపిస్తుంది. అలా చేస్తే ఏ బయటి సైటైనా విద్యార్థి లాగిన్ మీద మీ పోర్టల్‌కు ఫారాలు పంపించగలదు. సరైన పద్ధతి ఇది. గేట్‌వే తిరిగొచ్చే పేజీకి లాగిన్ అక్కర్లేకుండా చేయండి. అక్కడ ఆర్డర్ నంబరు, గేట్‌వే సంతకం మాత్రమే సరిచూసి, చెల్లింపు నమోదు చేసి, 303 కోడ్‌తో రసీదు పేజీకి మళ్లించండి. ఆ మళ్లింపు గెట్ కాబట్టి లాక్స్ కుకీ దానితో వెళ్తుంది, లాగిన్ నిలుస్తుంది. గేట్‌వే తిరిగొచ్చే పేజీలో కొత్త సెషన్ (సర్వర్ ఒక్కో లాగిన్‌కు ఉంచుకునే లెక్క) మొదలుకాకుండా చూసుకోండి. మొదలైతే కుకీ లేదనుకుని సర్వర్ కొత్తది ఇస్తుంది, అది పాతదాని మీద పడి లాగిన్ పోతుంది. ఇలాంటి ఫిర్యాదులకు మూలం వెతికితే తరచు ఈ రెండింట్లో ఒకటి దొరుకుతుంది.

నెట్ సెంటర్లను దృష్టిలో పెట్టుకుని సైటు కట్టండి. మన పల్లెల్లో హాల్ టికెట్, ర్యాంక్ కార్డు, ల్యాబ్ రిపోర్టు ఇప్పటికీ చాలామంది జిరాక్స్ షాపులోనే తీసుకుంటారు. సెషన్ కుకీ బ్రౌజర్ మూస్తే పోతుందని పాఠాల్లో చదువుకున్నాం. క్రోమ్‌లో ‘ఎక్కడ ఆపామో అక్కడి నుంచి కొనసాగించు’ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ కుకీ మళ్లీ లేచి కూర్చుంటుంది. తరువాత వచ్చిన మనిషికి ముందు మనిషి రిపోర్టు తెరుచుకుంటుంది. గడువు బ్రౌజర్‌కు వదలకుండా సర్వరే లెక్కపెట్టాలి. రిపోర్టులు, ఫీజు పేజీల్లో 15 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ రద్దు చేయండి. ‘గుర్తుంచుకో’ అన్న టిక్కు ముందే పడి ఉండకూడదు. లాగౌట్ నొక్కినప్పుడు కుకీ తీసేస్తే చాలదు, సర్వర్‌లోని సెషన్ రికార్డు కూడా చెరిపేయాలి. రిపోర్టు పేజీలకు ‘నో స్టోర్’ హెడర్ పెడితే, లాగౌట్ తరువాత వెనక్కి బాణం నొక్కినా పేజీ కనబడదు.

పేజీల్లో అతికించిన వీడియోలు, మ్యాపులు, చాట్ డబ్బాలు కూడా బయటి కోడే. వీడియో బదులు దాని బొమ్మ పెట్టి, నొక్కినప్పుడే వీడియో తెరుచుకునేలా చేయండి. మ్యాపు బదులు బొమ్మ, ‘దారి చూపించు’ అని ఒక లింకు. చాట్ డబ్బా బదులు వాట్సాప్ లింకు, ఫోన్ నంబరు. పేజీ తేలికవుతుంది, పాత ఫోన్‌లో కూడా త్వరగా తెరుచుకుంటుంది.

మళ్లీ యాజమాన్యాలకు. ‘పిక్సెల్ తీసేస్తే ప్రకటనలకు పెట్టిన డబ్బు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?’ అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో ప్రకటనకు ఒక్కో లింకు ఇవ్వండి, లింకు చివర ప్రకటన పేరు చిన్న కోడ్‌గా ఉంటే ఎన్ని ఫారాలు ఏ ప్రకటన నుంచి వచ్చాయో మీ సర్వరే చెబుతుంది. బెంజ్ సర్కిల్ హోర్డింగ్‌కు ఒక ఫోన్ నంబరు, పత్రిక ప్రకటనకు ఇంకో నంబరు ఇవ్వండి. ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అని ఒక ప్రశ్న పెట్టండి. పేజీల లెక్క కావాలంటే మటోమో లాంటి సాఫ్ట్‌వేర్‌ను మీ సర్వర్‌లోనే, కుకీలు లేకుండా నడుపుకోవచ్చు. పోయేది ఒక్కటే, మీ పేజీ చూసి వెళ్లిపోయినవారి వెంట ఊరంతా తిరిగే ప్రకటన. ఇంటర్ పిల్లల వెంట, రోగుల వెంట అలా తిరగకూడదనే మేం అడుగుతున్నది.

ఫారాల ద్వారా వచ్చిన నంబర్ల గురించి కూడా ఒక మాట. అవి లింకు ఉన్న ఎవరైనా తెరవగల షీట్‌లో ఉంటే, సైటు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. షీట్‌ను పేరుపేరునా కొందరికే తెరవండి. చేరని పిల్లల వివరాలు అడ్మిషన్లు ముగిసిన నెలలోపు చెరిపేయండి, ఆ గడువును ఫారం కిందే రాయండి.

ఏజెన్సీతో చేసుకునే ఒప్పంద పత్రంలో ఈ మాటలు చేర్చించండి: ‘యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా సైటులో ఏ బయటి కోడ్ చేర్చము. ట్యాగ్ మేనేజర్, అనలిటిక్స్, ప్రకటనల ఖాతాలు సంస్థ పేరు మీదే ఉంటాయి. ఒప్పందం ముగిసిన రోజు మా దగ్గరున్న వివరాలన్నీ చెరిపి, చెరిపామని రాసిస్తాము.’ రెండో వాక్యం మరిచిపోవద్దు. ట్యాగ్ మేనేజర్ ఖాతా ఏజెన్సీ చేతిలో ఉంటే, మీ సైటు ఫైళ్లు ముట్టుకోకుండానే వాళ్లు ఎప్పుడైనా ఏ కోడైనా చేర్చగలరు. మీ డెవలపర్ ఈరోజు చూసి బాగుందన్న సైటు రేపటికి అలాగే ఉంటుందన్న భరోసా ఉండదు.

సర్వర్‌లో ‘కంటెంట్ సెక్యూరిటీ పాలసీ’ హెడర్ పెట్టించండి. ఏ డొమైన్ల కోడ్ నడవాలో అందులో రాస్తే, జాబితాలో లేనిదాన్ని బ్రౌజరే ఆపేస్తుంది. ఫారం పేజీల్లో ఆ జాబితాలో మీ సొంత డొమైన్ పేరొక్కటే ఉండాలి. ముందు వారం రోజులు ‘రిపోర్ట్ ఓన్లీ’ పద్ధతిలో నడిపి ఏది ఆగబోతోందో చూసుకుని, తరువాత గట్టి చేయండి.

పని మొత్తం ఒక డెవలపర్‌కు సైటును బట్టి రెండు మూడు రోజులు పడుతుంది. పది ఫలితాలకు ముందే, సైటు మీద రద్దీ లేనప్పుడు చేయించండి. అయ్యాక పైన చెప్పిన ఎఫ్ 12 పరీక్ష అడ్మిషన్ ఫారంలో, అపాయింట్‌మెంట్ పేజీలో, రిపోర్టుల పేజీలో విడివిడిగా మీ ఎదుట చేసి చూపించమనండి. ‘నెట్‌వర్క్’ జాబితాలో మీ సంస్థ డొమైన్ తప్ప ఇంకో పేరు కనబడకపోతే ఆ రోజు తేదీ వేసి స్క్రీన్‌షాట్ దాచుకోండి. మూడు నెలలకోసారి మళ్లీ చేయించండి, ఏజెన్సీ మారినప్పుడు అదే రోజు చేయించండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల్లో వెబ్ పని చేస్తున్న కొందరు డెవలపర్లు